యెజ్డి పెట్రోల్ ట్యాంకులో ఊడిపోతున్న పాత లైనర్, దాని కింద తుప్పు: పైరంగు చెడకుండా తీయడం ఎలా?

ప్రశ్న — మారతహళ్ళి, బెంగళూరు

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1976లో కొన్న యెజ్డి 250 బండిని మొన్న సంక్రాంతి తరువాత హిందూపురం నుండి లారీలో ఇక్కడికి తెచ్చుకున్నాను. ఇంజనుకు ఏ ఇబ్బందీ లేదు, రెండో కిక్కుకే పలుకుతుంది. అయితే నాలుగైదు కిలోమీటర్లు వెళ్ళేసరికి పెట్రోల్ అందక ఆగిపోతోంది. కాసేపు నిలబెడితే మళ్ళీ స్టార్టవుతుంది, కొంత దూరం పోయి మళ్ళీ ఆగుతుంది. ట్యాప్ విప్పి చూస్తే జాలీ చుట్టూ చేప పొలుసుల్లాగా లేత పసుపు పెచ్చులు అంటుకుని ఉన్నాయి, వాటి సందుల్లో ఇటుకపొడి లాంటి తుప్పు పేరుకుని ఉంది. ఒక పెచ్చును వేళ్ళ మధ్య పెట్టి వంచితే విరగకుండా తోలులాగా వంగింది. దాని వెనుక వైపంతా తుప్పు అచ్చు పడి ఉంది.

సుమారు ఎనిమిదేళ్ళ క్రితం ట్యాంకు అడుగున చెమ్మ కనబడుతోందని నాన్నగారు మా ఊరి వైపు ఒక వర్క్‌షాపులో లోపల లైనర్ (రేకుకు అంటుకుని గట్టిపడే పూత) పోయించారు. పాత తుప్పును పూర్తిగా తీయకుండా దాని మీదనే పోసేశారని ఆ పెచ్చుల వెనుక వైపు చూస్తే ఇప్పుడు తెలుస్తోంది.

నా అసలు భయం పైరంగు గురించి. ట్యాంకు మెరూన్ రంగు, దాని మీద సన్నటి బంగారు గీత ఉంది. ఆ గీతను సైన్‌బోర్డులు రాసే ఒక పెయింటరు చేత నాన్నగారు దగ్గర నిలబడి వేయించారు. ఎడమ పక్క గీత మలుపు తిరిగే చోట కుంచె కొద్దిగా వణికింది, ఆ చోటు నాకు చిన్నప్పటి నుండీ గుర్తు. నాన్నగారు ఇప్పుడు లేరు కనుక ట్యాంకు మొత్తానికి కొత్తగా రంగు వేయించడం నాకు సమ్మతం కాదు. ఇక్కడ అడిగితే ఒకరు బాత్‌రూమ్ కడిగే యాసిడ్ పోయమన్నారు, ఒకరు ట్యాంకు అడుగు కోసి శుభ్రం చేసి మళ్ళీ వెల్డింగ్ చేద్దామన్నారు, మరొకరు జేసీ రోడ్డులో కొత్త ట్యాంకు దొరుకుతుంది, ఇది పారేయమన్నారు. లైనర్‌ను దేనితో తీయాలి, తుప్పును దేనితో తీయాలి, ఆ తరువాత మళ్ళీ లైనర్ పోయించాలా వద్దా అన్నది స్వయంగా చేసి చూసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను. ఉండేది రెండో అంతస్తులో అద్దె ఇల్లు. పని చేసుకోవడానికి మిద్దె మీద చోటుంది.


జవాబు — విల్సన్ గార్డెన్, బెంగళూరు

ముందుగా ఆ బాత్‌రూమ్ యాసిడ్ ఆలోచన పూర్తిగా మానుకోండి. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. తుప్పును త్వరగానే తింటుంది, కానీ లైనర్ అంటి ఉన్న చోట దాని కిందికి పోలేదు, లైనర్ ఊడిన చోట మాత్రం తుప్పుతో పాటు మంచి రేకును కూడా తింటుంది. అంటే కాపాడవలసిన చోట పలచబడుతుంది, తీయవలసిన చోట అలాగే ఉంటుంది. పైగా రెండు రేకులు కలిసే అతుకులలో ఆ ఆమ్లపు తడి కొంచెం మిగిలినా అక్కడ మళ్ళీ తుప్పు మొదలవుతుంది. దాని ఆవిరి మీ బంగారు గీతకూ మంచిది కాదు.

లైనర్ మొత్తం పోయాకనే తుప్పు జోలికి వెళ్ళాలి. ఈ వరుస తప్పినందువల్లనే మీ ట్యాంకుకు ఈ గతి పట్టింది, మళ్ళీ అదే తప్పు చేయవద్దు.

పని మొదలుపెట్టే ముందు పెట్రోల్ సంగతి చెప్పాలి. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదకరమని చాలామందికి తెలియదు. గాలిలో పెట్రోల్ ఆవిరి సుమారు ఒకటిన్నర శాతం నుండి ఏడున్నర శాతం వరకు ఉంటే చాలు, చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. ఖాళీ చేసిన ట్యాంకులో ఉండేది సరిగ్గా అటువంటి గాలే. కోసి వెల్డింగ్ చేద్దామన్నవారికి ఈ ఒక్క కారణంతోనే వద్దని చెప్పండి. పెట్రోల్ మొత్తం వంపి, వేడినీళ్ళలో గిన్నెలు తోమే సబ్బునీళ్ళు కలిపి నాలుగైదుసార్లు గిలకొట్టి పారబోయండి. మనది టూ స్ట్రోక్ బండి కనుక ఇన్నేళ్ళుగా పెట్రోల్‌లో కలిపిన ఆయిల్ లోపల జిడ్డుగా అంటి ఉంటుంది. ఆ జిడ్డు పోకపోతే తరువాత పోసే ఏ మందూ రేకును తాకదు.

ఇక లైనర్. మీ దగ్గరున్న పెచ్చులలో రెండు మూడింటిని మూత ఉన్న చిన్న గాజు సీసాలో వేసి, అవి మునిగేలా అసిటోన్ (గోళ్ళ రంగు తీసే ద్రవం) పోసి ఒక రాత్రి ఉంచండి. తెల్లవారేసరికి కరిగిపోతే మీ అదృష్టం. జెల్లీలా ఉబ్బితే కొన్ని రోజుల ఓపికతో పని జరుగుతుంది. ఏ మార్పూ లేకుండా గట్టిగానే ఉంటే అది బాగా గట్టిపడిన ఎపాక్సీ (రెండు మందులు కలిపితే గట్టిపడే జిగురు రకం), అప్పుడు వేరే దారి చూడాలి. మీరు తోలులాగా వంగిందన్నారు కనుక ఇది ఉబ్బే రకమేనని నా అంచనా. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌లో పాత లైనర్లు మెత్తబడి ఇలాగే పట్టు వదులుతాయి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌ను 2023 ఫిబ్రవరి 6న ప్రధానమంత్రి విడుదల చేసినది మన బెంగళూరులోనే. ఆనాటికే పోసి ఉన్న మీ లైనర్ దానిని తట్టుకునే రకం కాదు.

ట్యాప్ రంధ్రాన్ని మూయడానికి దళసరి రేకు ముక్క, దాని కింద సైకిల్ ట్యూబు ముక్క పెట్టి బిగించండి. రెండు లీటర్ల అసిటోన్ చాలు, ట్యాంకు నింపనక్కరలేదు. మూత బిగించి, మూడు నాలుగు గంటలకు ఒకసారి పక్క మారుస్తూ ఉండండి. నేను ఇదే పని చేసినప్పుడు మొదటి పూట అంతా కిటికీలు తెరిచి, ఇంట్లో దీపం కూడా వెలిగించనివ్వలేదు. అసిటోన్ మండే గుణంలో పెట్రోల్‌కు ఏమీ తీసిపోదు.

మెత్తబడిన లైనర్‌ను రాల్చడానికి కొందరు గులకరాళ్ళు వేస్తారు, నేను వద్దంటాను. ట్యాంకు మధ్యలో ఫ్రేము దూరే సొరంగం పక్కన సన్నటి ఇరుకులుంటాయి, రాయి అక్కడ పడితే బయటికి రాదు. ఆరు మిల్లీమీటర్ల నట్లు వేయండి. వేసేముందు లెక్కపెట్టండి, తీసాక మళ్ళీ లెక్కపెట్టండి. నేను 60 వేస్తే మొదటిసారి 58 మాత్రమే తిరిగి వచ్చాయి. ఆ రెండింటి కోసం ఒక ఆదివారం పట్టింది.


జవాబు — పెరంబూర్, చెన్నై

పైన అన్నగారు చెప్పిన వరుస సరైనదే. నేను తిరువొత్తియూరు కర్మాగారంలో తయారైన పాత బుల్లెట్ ట్యాంకుకు ఇదే పని చేశాను. నాకు ఎదురైనవి రెండు విషయాలు కలుపుతాను.

తుప్పు తీయడానికి నేను వాడినది నిమ్మ ఉప్పు. కిరాణా కొట్టులో చిన్న పొట్లాలు కాకుండా రసాయనాలు అమ్మేచోట కిలోల లెక్కన తీసుకుంటే చవక. పది లీటర్ల గోరువెచ్చని నీటికి ఒక కిలో చొప్పున కలిపి, ట్యాంకు మూతి వరకు నింపాలి. సగం నింపితే నీటి అంచు దగ్గర గీత పడి, అక్కడే కొత్తగా తుప్పు పడుతుంది. నాకు ఒక పగలు, ఒక రాత్రి పట్టింది. వంపినప్పుడు నీరు ఆకుపచ్చ కలిసిన నలుపుగా వస్తుంది, రేకు బూడిదరంగులో కనబడుతుంది. వెంటనే వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆ తరువాత మామూలు నీటితో రెండుసార్లు కడగాలి.

అసలు పరుగంతా అప్పుడు మొదలవుతుంది. మా చెన్నైలో సముద్రపు గాలికి, ఆమ్లంతో శుభ్రపడిన రేకు మీద పది నిమిషాలలోనే నారింజ రంగు పొర తేలింది. నేను కడిగిన వెంటనే అర లీటరు స్పిరిట్ పోసి గిలకొట్టి వంపాను, అది మూలల్లో మిగిలిన నీటిని తనతో తీసుకుపోతుంది. ఆ స్పిరిట్ ఆవిరి పూర్తిగా పోయేదాకా హెయిర్ డ్రయ్యర్ జోలికి వెళ్ళకండి. ఎండలో బోర్లించి, వాసన పోయాక మాత్రమే వేడిగాలి కొట్టాలి.

తుప్పు పోయాక నా ట్యాంకు అడుగున మూడు సూదిబెజ్జాలు బయటపడ్డాయి. అంతకాలం వాటిని మూసి ఉంచింది తుప్పే. పుదుపేట వైపు ఒక పాత టింకరింగ్ మేస్త్రీ వాటికి టంకం వేశారు. వెల్డింగ్ వేడికి పైరంగు కాలిపోతుంది, టంకానికి అంత వేడి అక్కరలేదు. ఆయన నిప్పు కూడా వాడలేదు, బొగ్గుల కుంపటిలో దూరంగా కాల్చి తెచ్చిన రాగి కడ్డీతో చేశారు. అయినా సబ్బునీళ్ళతో కడిగి, బెజ్జం పైకి వచ్చేలా తిప్పి, దానికి కాస్త కిందివరకు ట్యాంకులో నీళ్ళు నింపి ఉంచాకనే ముట్టుకున్నారు. మీ నాన్నగారికి ట్యాంకు అడుగున చెమ్మ కనబడిందన్నారు కనుక మీకూ ఇటువంటివి ఉండవచ్చు.

లైనర్ విషయంలో నా అభిప్రాయం మళ్ళీ పోయాలనే. బెజ్జాలు పడేంతగా రేకు పలచబడినప్పుడు లైనర్ బదులు లోపల పూసే ఉత్త ఆయిల్ మీద ఆధారపడలేము. ఇథనాల్‌ను తట్టుకునే నోవొలాక్ ఎపాక్సీ రకం అడగండి. పోసినప్పుడు ట్యాప్ రంధ్రంలో గ్రీజు పూసిన బోల్టు పెట్టడం మరువకండి, లేకపోతే మరలు మూసుకుపోతాయి. అడుగున మడుగులా నిలిచిన లైనర్‌ను పూర్తిగా వంపేయండి. దళసరిగా గడ్డకట్టిన చోటే ముందుగా పగిలి ఊడుతుంది. మా ఊళ్ళో ఈ పనికి అక్టోబరు నుండి డిసెంబరు దాకా పడే వానల కాలం పనికిరాదు.


జవాబు — యలహంక, బెంగళూరు

నేను ఒక రసాయన ప్రయోగశాలలో పనిచేస్తాను. సీసా పరీక్షలో పెచ్చు ఏమాత్రం మెత్తబడకపోతే చాలామంది మెథిలీన్ క్లోరైడ్ ఉన్న పెయింట్ రిమూవర్ పోయమంటారు. అది ఎపాక్సీని నిజంగానే లేపుతుంది. ఇంట్లో మాత్రం వాడవద్దని గట్టిగా చెబుతున్నాను. పీల్చిన ఆ ఆవిరిలో కొంత భాగం శరీరంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. అది గాలికన్నా బరువు కనుక గదిలో నేల మీదనే నిలుస్తుంది. మామూలు రబ్బరు తొడుగుల గుండా నిమిషాలలో చేతికి చేరుతుంది. పెయింట్ తీయడానికి దీనిని సాధారణ ప్రజలకు అమ్మకూడదని అమెరికా 2019లో నిషేధించింది. దానికి తోడు అది సుమారు 40 డిగ్రీలకే మరుగుతుంది. మిద్దె మీద ఎండలో మూత బిగించిన ట్యాంకులో పోసి ఉంచితే లోపల ఒత్తిడి పెరిగి, మూత విప్పగానే మీ ముఖం మీదికి, ఆ బంగారు గీత మీదికి చిమ్ముతుంది. అవసరమే అయితే గాలి లాగే సదుపాయం, సరైన తొడుగులు ఉన్న వర్క్‌షాపుకు ఇవ్వండి.

తుప్పు తీయడానికి విద్యుత్తుతో చేసే పద్ధతి ఒకటుంది. రేకు పలచబడిందని అనుమానం ఉంటే నేను దానినే ఎంచుకుంటాను, ఎందుకంటే అది మంచి ఇనుమును తినదు. లీటరు నీటికి ఒక పెద్ద చెంచా చొప్పున బట్టల సోడా కలిపి ట్యాంకు నింపాలి. మూతిలోంచి ఇనుప చువ్వను దించాలి. అది ట్యాంకుకు ఎక్కడా తగలకుండా బెజ్జాలు పెట్టిన ప్లాస్టిక్ గొట్టంలో ఉంచాలి. పాత రకం 12 వోల్టుల బ్యాటరీ చార్జరు తీసుకుని, ట్యాంకుకు మైనస్, చువ్వకు ప్లస్ కలపాలి. తారుమారైతే కరిగేది ట్యాంకు. చువ్వ స్టెయిన్‌లెస్ స్టీలు కాకూడదు, దానినుండి విషపూరితమైన క్రోమియం నీటిలో చేరుతుంది. సోడాకు బదులు ఉప్పు వేయకూడదు, క్లోరిన్ వస్తుంది. పని జరుగుతున్నంతసేపూ హైడ్రోజన్ బుడగలు వస్తాయి కనుక ఆరుబయటే పెట్టాలి, చార్జరు స్విచ్ కట్టేశాకనే క్లిప్పులు తీయాలి. దీనికి ఉన్న లోపం ఒకటే: చువ్వకు ఎదురుగా ఉన్న చోట బాగా పనిచేస్తుంది, సొరంగం వెనుక చాటున ఉన్న మూలల్లో అంతగా పనిచేయదు. లైనర్ మిగిలిన చోట విద్యుత్తు దాని గుండా పోదు కనుక అక్కడి తుప్పు అలాగే ఉంటుంది.

మరొక మాట. లైనర్ కరిగిన అసిటోన్‌ను, పెట్రోల్ కలిసిన కడుగునీటిని డ్రైనేజీలో పోయకండి. 2017 ఫిబ్రవరిలో బెళ్ళందూరు చెరువు మంటల్లో పొగలు కక్కడం ఈ ఊరు చూసింది, మన మోరీలు చివరికి చేరేది అటువంటి చెరువులకే. డబ్బాలో పట్టి మూతపెట్టి, వాడిన ఇంజనాయిల్‌ను పద్ధతిగా తీసుకునేవారికే ఇవ్వండి.


మళ్ళీ ప్రశ్న అడిగినవారు — మారతహళ్ళి

ముగ్గురికీ కృతజ్ఞతలు. సీసా పరీక్ష చేశాను. తెల్లవారేసరికి పెచ్చులు కరగలేదు, రెండింతలు ఉబ్బి, గోరుతో గీకితే వెన్నలాగా వస్తున్నాయి. మరి పైరంగును అసిటోన్ నుండి ఎలా కాపాడుకోవాలి? మాస్కింగ్ టేపు సరిపోతుందా?


జవాబు — విల్సన్ గార్డెన్

టేపు సరిపోదు. టేపు జిగురు అసిటోన్‌లో కరిగి, దాని కిందికే ద్రవాన్ని లాగుతుంది. మూతి చుట్టూ గ్రీజు దళసరిగా పూసి, దాని మీద పాలిథీన్ కవరు చుట్టి, మూతి దగ్గర మాత్రం రంధ్రం చేసి సైకిల్ ట్యూబు పట్టీతో బిగించండి. పాలిథీన్‌ను అసిటోన్ ఏమీ చేయదు. పోసేటప్పుడు పొడుగు గొట్టం ఉన్న రేకు గరాటు వాడండి, వంపేటప్పుడు మాత్రం మూతిలోంచి కాక కింద ట్యాప్ రంధ్రంలోంచే వంపండి. రంగు పోగొట్టుకున్నవారిలో ఎక్కువమంది పోసేటప్పుడు జాగ్రత్తగానే ఉండి, వంపేటప్పుడు పోగొట్టుకున్నవారే.


ప్రశ్న అడిగినవారు — నెల తరువాత

పని పూర్తయింది కనుక జరిగినది జరిగినట్లు రాస్తున్నాను.

అసిటోన్‌తో లైనర్ తీయడానికి ఆరు రోజులు పట్టింది. మొదటి రెండు రోజులు ఏమీ రాలేదు. మూడో రోజు నట్లు వేసి ఊపుతుంటే డబడబమనే చప్పుడు మందగించి, తడి గుడ్డలో రాళ్ళు కట్టి ఊపినట్టుగా మారింది. వంపితే పసుపు ముద్దలు టీ జాలీలో నిండిపోయాయి. ఒక పెచ్చు నా అరచేయంత ఉంది, దానిని ట్యాప్ రంధ్రంలోంచి ముక్కముక్కలుగా లాగవలసి వచ్చింది. నేను 40 నట్లు వేశాను, 40 తిరిగి వచ్చాయి. ఫోనుకు తగిలించే సన్న కెమెరాతో చూస్తే సొరంగం వెనుక ఒక చోట లైనర్ ఇంకా గట్టిగా పట్టుకుని ఉంది. దాని అంచులను గీకి చూశాను, కింద తుప్పు లేదు. అక్కడ మాత్రం వదలలేక మరో రెండు రోజులు ట్యాంకును ఆ పక్కకే వాల్చి ఉంచాను, అప్పుడు వచ్చింది.

తుప్పుకు నిమ్మ ఉప్పు వాడాను. చార్జరు పద్ధతి మంచిదేనని ఒప్పుకుంటాను, కానీ అద్దె ఇంటి మిద్దె మీద హైడ్రోజన్ బుడగల పక్కన రాత్రంతా కాపలా ఉండడానికి నాకు ధైర్యం చాలలేదు. ఒక పగలు, ఒక రాత్రి గడిచాక రేకు బూడిదరంగుకు వచ్చింది. ఆరబెట్టాక నీళ్ళు నింపి కింద పాత న్యూస్‌పేపరు పరిచి ఒక రాత్రి ఉంచాను. పొద్దున పేపరు మీద ఎడమ పక్క రూపాయి బిళ్ళంత తడి మచ్చ ఒక్కటి ఉంది. దానికి టంకం వేయించాను. అది అడుగున ఉన్న చోటు కనుక పైకి ఏమీ కనబడదు.

లైనర్ విషయంలో చాలా ఆలోచించాను. పెరంబూర్ అన్నగారు చెప్పిన కారణం బలమైనదే. అయితే నాకు పడినది ఒక్క బెజ్జం, మిగిలిన రేకును వేలితో నొక్కినా, గోటితో తట్టినా గట్టిగానే ఉంది. పైగా యెజ్డికి లీటరు పెట్రోల్‌కు 40 మిల్లీలీటర్ల లెక్కన ఆయిల్ ఎలాగూ కలుపుతాము. అందువల్ల ఈసారికి లైనర్ పోయించలేదు. ఆరిన వెంటనే పావు లీటరు టూ టీ ఆయిల్ (పెట్రోల్‌లో కలిపే ఆ టూ స్ట్రోక్ ఆయిలే) పోసి అన్ని పక్కలకూ తిప్పి, మిగిలింది వంపేశాను.

బంగారు గీతకు ఏమీ కాలేదు. మూతి పక్కన బఠాణీ గింజంత చోట రంగు మందగించింది. అది మూడో రోజు నా తొందర వల్ల జరిగింది, సీటు మీద కూర్చున్నప్పుడు నాకు మాత్రమే కనబడుతుంది.


జవాబు — విల్సన్ గార్డెన్

మంచి పని చేశారు. ఒక్క మాట చెబుతాను. లైనర్ లేని ట్యాంకును సగం నింపి వారాల తరబడి నిలిపి ఉంచకండి. ఖాళీగా ఉన్న పైభాగంలో రాత్రి చలికి గాలిలోని తేమ నీటిబొట్లుగా మారుతుంది. ఇథనాల్ ఆ నీటిని పీల్చుకుంటుంది, పీల్చుకోగలిగినంత దాటితే నీరు, ఇథనాల్ కలిసి పెట్రోల్ నుండి విడిపోయి అడుగుకు చేరతాయి. మీ టంకం ఉన్నది సరిగ్గా అక్కడే. వాడని వారాలలో మూతి వరకు నింపి పెట్టండి, లేదా మొత్తం వంపేసి ఆయిల్ తిప్పి పెట్టండి. ట్యాప్‌కు, కార్బ్యురేటరుకు మధ్య అద్దంలా కనబడే చిన్న ఫిల్టరు ఒకటి వేసి, మొదటి రెండు ట్యాంకుల పెట్రోల్ అయ్యేదాకా దానిని చూస్తూ ఉండండి.


ప్రశ్న అడిగినవారు — మారతహళ్ళి

ఫిల్టరు వేశాను. మొన్న ఆదివారం నంది కొండ దాకా వెళ్ళి వచ్చాను, ఎక్కడా ఆగలేదు. ఇంటికి వచ్చి ఫిల్టరు వెలుతురులో పెట్టి చూస్తే అడుగున ఆవగింజ కన్నా చిన్నవి రెండు పసుపు రేణువులు కనబడ్డాయి, తుప్పు లేదు. ఆ రెండూ సొరంగం వెనుక చివరిగా ఊడిన చోటివే అయి ఉంటాయి. వచ్చే వారం ట్యాప్ విప్పి మరోసారి కెమెరాతో చూసి, ఏమైనా కనబడితే ఇక్కడే రాస్తాను.